వార్సాలో ఉన్న మాధవికి పెద్దమ్మ రాసిన ఉత్తరం

చిరంజీవి మాధవికి ఆశీస్సులు.

ఉక్రెయిన్ నుంచి వచ్చిన ఒక తల్లినీ, ఆమె ఇద్దరు పిల్లలనూ మీ ఇంట్లో ఉంచుకోబోతున్నారని మీ అమ్మ చెప్పినప్పటి నుంచి నాకు ఎంత గర్వంగా ఉందో అంత గుబులుగానూ ఉంది. పక్కలూ, దుప్పట్లూ, పిల్లల తిండీ నీకు ఒకరు చెప్పవలసినవి కావు. యుద్ధం సంగతులు మీరుగా అడగవద్దు. సైన్యానికి పనికొచ్చే వయసు మగవాళ్ళలో చాలామందిని ఆ దేశం దాటనివ్వడం లేదు కనుక ఆమె భర్త అక్కడే ఉండి ఉంటాడు; అతని ఫోను వచ్చినప్పుడు గది ఆమెకు వదిలి మీరు ఇవతలికి రండి.

ఆమె పాస్‌పోర్టులు మీ బీరువాలో భద్రంగా దాస్తానన్నావట. ఆ పని మాత్రం చెయ్యకు తల్లీ.

1971లో తూర్పు బెంగాల్ (ఇప్పటి బంగ్లాదేశ్) నుంచి దాదాపు కోటి మంది మన దేశానికి వచ్చారు. నేను నర్సుగా పనిచేసిన శిబిరంలో ఒక సహాయ సంస్థ వాళ్ళు, వానకు తడిసి పాడవుతాయని, రేషన్ కార్డులన్నీ సేకరించి రేకుపెట్టెలో పెట్టి తాళం వేశారు. మంచి మనసుతో చేసిన పనే. కొన్ని కుటుంబాలను వేరే రాష్ట్రాల శిబిరాలకు తరలించమని ఉత్తర్వు వచ్చిన రోజున తాళంచెవి ఉన్న మనిషి ఊళ్ళో లేడు. కార్డు చూపించనిదే లారీ ఎక్కనిచ్చేది లేదన్నారు గుమాస్తాలు. తన కార్డును కొంగున ముడివేసుకుని ఎవరికీ ఇవ్వని ఒక అత్తగారిని ఎక్కించారు. చంకలో ఒక బిడ్డతో, చెయ్యి పట్టుకున్న ఇంకో బిడ్డతో ఆమె కోడలు కిందే నిలిచిపోయింది. మర్నాడు పెట్టె తెరిచి కార్డు ఇచ్చారు గాని, ఆ లారీ ఏ శిబిరానికి వెళ్ళిందో చెప్పగలిగిన వాళ్ళు లేకపోయారు. ఆ కోడలు పిల్ల రోజూ పొద్దున్నే ఆఫీసు గుడారం ముందుకు వచ్చి, కార్డు మడత విప్పి చూపించి, అత్తగారి పేరు చెప్పి, కబురేమైనా వచ్చిందా అని అడిగేది.

ఆ ఏడాదే పశ్చిమ బెంగాల్ సరిహద్దులోని బొన్‌గావ్‌లో కలరా సోకి సెలైన్ సీసాలు చాలనప్పుడు, డాక్టర్ దిలీప్ మహలనోబిస్ ఉప్పు, వంటసోడా, గ్లూకోజు కలిపిన నీళ్ళను రోగుల తల్లుల చేతికీ, బంధువుల చేతికీ ఇచ్చి తాగించమన్నారు. నూటికి 30 దాకా ఉన్న చావులు 4 లోపుకు దిగాయి. బిడ్డ ప్రాణాన్నే నిలుపుకున్న తల్లులు కార్డుముక్కను దాచుకోలేరని అనుకోవడం ఎంత అన్యాయమో నాకు అప్పుడే తెలిసింది.

కనుక ఆమెను వెంటబెట్టుకుని వెళ్ళి, ఆమె పేరున, పిల్లల పేరున పెసెల్ నంబర్లు (పోలండ్ ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు సంఖ్యలు) తీయించు. అక్కడ వైద్యానికైనా, సహాయధనానికైనా ముందు కావలసింది అదే. బ్యాంకు ఖాతా కూడా ఆమె పేరునే ఉండాలి. ఇంటి తాళంచెవి ఒకటి మొదటి రోజే చేతికివ్వు. నిన్ను కోప్పడుతున్నానని అనుకోకు. చిన్నప్పటి నుంచీ నువ్వు ఎదుటివాళ్ళ బరువంతా నీ నెత్తిన వేసుకునే పిల్లవు, అందుకే ఇంత గట్టిగా రాస్తున్నాను.

ఆశ్రయమిచ్చిన వారికి మనిషికి రోజుకు 40 జ్లోటీలు (పోలండ్ డబ్బు) అక్కడి ప్రభుత్వం ఇచ్చేది గాని, 2024లో అది ఆగిపోయింది; ఖర్చు మీదేనని లెక్క వేసుకోండి. ఎన్నాళ్ళు ఉంచుకోగలరో అల్లుడూ నువ్వూ ముందే అనుకుని, ఆ మాట ఆమెకు మొదటి వారంలోనే నిజాయితీగా చెప్పండి. అప్పుడే తర్వాతి ఇల్లు వెతుక్కోవడానికి ఆమెకు వ్యవధి దొరుకుతుంది.

ఇట్లు,
మీ పెద్దమ్మ