ఏ ఏనుగు?

తిరుపతి,
ఆదివారం

చిట్టితల్లికి,

తాతయ్య ఆశీస్సులు.

మీ అమ్మ నిన్న రాత్రి ఫోను చేసింది. వచ్చే నెల చెన్నైలో తొమ్మిది రౌండ్ల చదరంగం రేటింగ్ పోటీకి పేరిచ్చావట. డబ్బు కూడా కట్టేశావట. కాలేజీలో సెలవు మాత్రం ఇంకా అడగలేదట. ఆ సెలవు గురించే మీ అమ్మ చాలాసేపు మాట్లాడింది. నేను మాత్రం మొదటి మాట దగ్గరే ఆగిపోయాను. ఫోను పెట్టేశాక అమ్మమ్మ "ఏమైంది, ముఖం అలా ఉంది?" అని అడిగింది. సంతోషమో భయమో నాకే తేలక, మజ్జిగ ఇమ్మన్నాను.

ఒక సంగతి ముందే ఒప్పుకుంటాను. ఏడాదిగా నీ ఆటలు దొంగచాటుగా చూస్తున్నాను. పోయిన సంక్రాంతికి వచ్చినప్పుడు ఫోనులో నీ ఖాతా నువ్వే చూపించావు, మరిచిపోయి ఉంటావు. పాత క్యాలెండరు కాగితాల వెనక నలభై ఆటలు రాసిపెట్టుకున్నాను. నువ్వు మూడు నిమిషాల్లో ముగించిన ఆటను బల్ల మీద పేర్చుకుని చూడడానికి నాకు ముప్పావుగంట పడుతుంది. ఎదుటివాడి రాజు కోటలో కూర్చున్నాక, నీ శకటును హెచ్7 గడిలోని బంటు మీదికి విసిరి, వెనకే గుర్రాన్ని, మంత్రిని దూకించిన ఆట ఉంది చూడు, దాన్ని మూడుసార్లు పేర్చాను. అంత లెక్క ఆ కొద్ది సెకన్లలో ఎలా చేశావో నాకు అర్థం కాలేదు. అమ్మమ్మను పిలిచి చూపించాను. ఆమెకు ఏనుగేదో శకటేదో తెలియకపోయినా, "మన పిల్లేనా ఇది చేసింది?" అంది.

పొగడ్త ఇక్కడితో చాలు.

నీది దాడి ఆట. రాజు కనబడితే చాలు, చేతిలో ఉన్నదంతా అటే విసురుతావు. అందులో నీకు భయం లేదు, అది పుట్టుకతో వచ్చిన గుణం, ఎవరూ నేర్పలేరు. కానీ నేను రాసుకున్న నలభై ఆటల్లో పదకొండు నువ్వు గెలిచినవి కావు, ఎదుటివాడి గడియారం ఓడినవి. ఒక ఆటలో అయితే నీకు ఒక గుర్రం తక్కువ, రెండు బంట్లు తక్కువ. అతని దగ్గర నాలుగు సెకన్లు మిగిలాయి. నువ్వు అర్థం లేని చెక్‌లు చెప్పి గెలిచావు. చెన్నైలో తొంభై నిమిషాలిచ్చి, ప్రతి ఎత్తుకూ ముప్పై సెకన్లు కలిపితే ఆ నాలుగు సెకన్ల మనిషి దొరకడు. తీరిగ్గా కళ్ళద్దాలు తుడుచుకుని నీ గుర్రం ఏమైందో చూస్తాడు.

ఇంకొకటి. మంత్రుల్ని మార్చుకోవాల్సి వస్తే నీ ప్రాణం పోతుంది. రెండు బంట్లు ఎక్కువున్నా మార్చుకోవు, మంత్రి లేకపోతే ఆటలో రుచి ఉండదన్నట్టు పక్కకు జరుగుతావు. ఎందుకో నాకు తెలుసు. మంత్రులు పోయాక వచ్చే చివరి ఆట నీకు రాదు. పోయిన శనివారం రాత్రి పన్నెండున్నరకు ఆడిన ఆట గుర్తుందా? నీకు ఏనుగూ బంటూ, అతనికి ఒట్టి ఏనుగు. నీ బంటు ఏడో వరుసలో, దాని ముందు ఎనిమిదో వరుసలో నీ రాజు, అతని రాజు ఒక నిలువు వరుస అవతల. ఇంతకన్నా గెలిచే స్థితి ఉండదు. నీ ఏనుగును నాలుగో వరుసకు తెచ్చిపెట్టి రాజును బయటికి నడిపించాలి. అతను వెనకనుంచి చెక్‌లు చెబుతుంటే నీ ఏనుగు అడ్డం వస్తుంది. దాన్ని వంతెన కట్టడం అంటారు, ఆ స్థితికి లుసెనా స్థితి అని పేరు, వందల ఏళ్ళుగా తెలిసినదే. నువ్వు వంతెన కట్టలేదు, అటూ ఇటూ పరుగెత్తి బంటును పోగొట్టుకున్నావు. ఆట డ్రా. ఆ వెంటనే ఇంకో ఆట, ఇంకో ఆట. రెండు గంటలకు చూస్తే ఏడు ఓడావు.

ఆ ఏడు ఆటలే నన్ను భయపెట్టాయి తల్లీ. మిగతావి నేర్చుకుంటే వస్తాయి.

చిన్న సంగతులు ముందు చెప్పేస్తాను. ముట్టుకున్న పావును కదపాల్సిందే, కాబట్టి ఆలోచించేటప్పుడు చేతులు ఒళ్ళో పెట్టుకో. కోట కట్టేటప్పుడు ముందు రాజునే ముట్టుకో. ఎత్తు వేశాకే కాగితం మీద రాయాలి, ముందు రాయకూడదు. ఫోను హాల్లోకి తీసుకెళ్ళకు, సంచిలో దొరికినా ఆట పోవచ్చు. ఎంత ఆలస్యమైతే ఓడినట్టు లెక్కిస్తారో నిర్వాహకుల్ని మొదటిరోజే అడుగు. నీళ్ళసీసా, చలికి ఒక శాలువా తీసుకెళ్ళు. ఏసీ గదిలో నాలుగు గంటలు కూర్చుంటే వేళ్ళు కొంకర్లు పోతాయి. అవతలివాడు ఎత్తు వేయకముందే నీ ఎత్తు సిద్ధం చేసి పెట్టే ఆ ప్రీమూవ్ అలవాటు నెల ముందు నుంచే మానెయ్. ఫోనులో ఉన్న అంకె చూసి పొంగిపోకు, ప్రపంచ చదరంగ సమాఖ్య ఫిడె ఇచ్చే రేటింగు వేరు. 2024 మార్చి నుంచి అది 1400 దగ్గర మొదలవుతుంది. నీకు మొదట వచ్చే అంకె నీకు నచ్చకపోవచ్చు.

కంప్యూటర్ సంగతి. ఆట అయిన మరుక్షణం దాని బాణం గుర్తు చూపే మంచి ఎత్తు చూసి "అయ్యో, అదా" అనుకుంటావు కదా, అది చదువు కాదు. గుకేశ్‌కు 2500 రేటింగు దగ్గరికి వచ్చేదాకా కోచ్ కంప్యూటర్ ఇంజిన్ వాడనివ్వలేదు. వాళ్ళ కుటుంబం మూలాలు మన సత్యవేడు వైపే. 2024 డిసెంబరు 12న సింగపూర్‌లో గుకేశ్, డింగ్ లిరెన్‌ల ప్రపంచ చాంపియన్‌షిప్ పద్నాలుగో ఆట జరుగుతుంటే మన వీధి సెలూన్‌లో కూడా అదే మాట. ఇద్దరికీ ఆరున్నర పాయింట్లు. గుకేశ్‌కు ఒక బంటు ఎక్కువ, అయినా డ్రా అనే అందరూ అనుకున్నారు. అప్పటి ప్రపంచ చాంపియన్ డింగ్ 55వ ఎత్తులో ఏనుగును ఎఫ్2 గడికి తెచ్చాడు. ఏనుగులు మారాయి, శకటులు మారాయి, మిగిలిన బంట్ల ఆటలో తెల్లవైపు ఆడిన డింగ్ చేయగలిగింది ఏమీ లేదు. పద్దెనిమిదేళ్ళ కుర్రాడు గెలిచింది దాడితో కాదు, ఎవరికీ రుచించని ఆటలో గంటల తరబడి కూర్చుని. నువ్వు ఆ ఆట చూడు. మొదటి ఎత్తులు వదిలేసినా సరే, నలభై తర్వాతవి చూడు.

ఇప్పుడు నా సంగతి. ఇది మీ అమ్మకు కూడా పూర్తిగా తెలియదు.

1983లో చిత్తూరులో ఒక పోటీ జరిగింది. నాకు ఇరవై ఆరేళ్ళు, రైల్వే మెయిల్ సర్వీసులో సార్టర్ ఉద్యోగం, ఎక్కువగా రాత్రి డ్యూటీలు. అప్పటికి నా చదరంగమంతా పోస్టుకార్డుల మీదే. పదిహేను పైసల కార్డు మీద ఒక ఎత్తు రాసి పంపితే వారానికి జవాబు వచ్చేది. మనుషుల ఎదుట కూర్చుని ఆడింది తక్కువ. అయినా ఆ పోటీలో నాలుగు గెలిచాను. ఐదో ఆట మదనపల్లె వైపునుంచి వచ్చిన ఒక పెద్దాయనతో, బడిలో లెక్కల మాస్టారు. నలభై ఎత్తులయ్యేసరికి నాకు రెండు బంట్లు ఎక్కువ. పొద్దు గూకింది. ఆ రోజుల్లో సమయం మించితే ఆటను మర్నాటికి వాయిదా వేసేవారు. ఎత్తు ఎవరిదైతే వాళ్ళు దాన్ని బల్ల మీద వేయకుండా రహస్యంగా కాగితం మీద రాసి, కవరులో పెట్టి అంటించాలి. మర్నాడు ఆర్బిటర్, అంటే పోటీ న్యాయనిర్ణేత, కవరు విప్పి ఆ ఎత్తు వేస్తారు. ఎత్తు నాది.

నా గడియారంలో ఇంకా పన్నెండు నిమిషాలున్నాయి. కానీ తిరుపతికి ఆఖరి బస్సు వెళ్ళిపోతుంది, రాత్రి పదికి డ్యూటీ. నాకు ఒక ఏనుగు ఏ7 గడిలో, ఇంకోటి ఈ1 గడిలో ఉన్నాయి. కింది ఏనుగును ఈ7కు తెచ్చి ఏడో వరుసలో రెంటినీ పక్కపక్కన నిలబెడితే ఆయన రాజు ఊపిరి ఆడదు. చిన్నపిల్లాడికైనా తోచే ఎత్తు. "ఏనుగు ఈ7" అని గీకి, కవరు అంటించి, సంతకం పెట్టి, బస్టాండుకు పరుగెత్తాను. చంద్రగిరి దాటేదాకా మనసులో పెళ్ళి బాజాలే.

రాత్రి ఒంటిగంట దాటాక, సార్టింగ్ అరల ముందు నిలబడి ఉత్తరాలు వేస్తున్నాను. ఒక కవరు చేతికొచ్చింది. వెళ్ళాల్సిన చోటు ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి ఉంది. ఎక్కడినుంచో మాత్రం లేదు. అలాంటివి రోజుకు వంద చూసేవాణ్ణి. ఆ రాత్రి ఆ ఒక్కదాన్నీ పట్టుకుని కదలలేకపోయాను. ఏ7లో ఉన్న ఏనుగు కూడా ఈ7కు పోగలదు. దారి ఖాళీగా ఉంది. ఎక్కడికో రాశాను, ఎక్కడినుంచో రాయలేదు.

తెల్లవారి మొదటి బస్సులో చిత్తూరు వెళ్ళాను. ఆర్బిటర్ కవరు చింపి, కాగితం చూసి, వెనక్కి తిప్పి, మళ్ళీ ముందుకు తిప్పి, "ఏ ఏనుగు?" అన్నారు. నేను చెప్పాను. "మీరు చెప్పేది కాదండీ, ఇక్కడ ఉన్నది" అన్నారు. రెండు అర్థాలొచ్చే ఎత్తు రాస్తే ఓటమి, అది నిబంధన. ఆయన తప్పేమీ లేదు.

ఇంతవరకు మీ అమ్మకు తెలుసు, నవ్వుతూ చెప్పేవాణ్ణి. చెప్పనిది ఆ తర్వాతిది. ఆ మాస్టారు లేచి నిలబడి చెయ్యి చాచారు. "ఇది నేను గెలిచిన ఆట కాదు నాయనా. కూర్చో, మీ ఎత్తు వేసి చూద్దాం, నాకేమైనా దారి ఉందేమో" అన్నారు. ఆ చెయ్యి పట్టుకోలేదు. సంచి తీసుకుని బయటికి వచ్చేశాను. మిగిలిన రౌండ్లు ఆడలేదు. పోస్టుకార్డు ఆటలు కూడా ఆపేశాను, ఎక్కడో ఆరుగురు నా జవాబు కోసం ఎదురుచూసి ఉంటారు. పదకొండేళ్ళు బల్ల దింపలేదు. మీ అమ్మకు ఎనిమిదేళ్ళప్పుడు అటక మీద బల్ల చూసి "నాన్నా, నేర్పవా" అని అడిగింది. చదువుకో పో అన్నాను. మళ్ళీ అడగలేదు. ఇప్పుడు నువ్వు చెన్నై వెళ్తానంటే సెలవు గురించి గంట మాట్లాడుతోందంటే, అది సెలవు గురించి అనుకోకు.

మన కోనేరు హంపీ బిడ్డ పుట్టినప్పుడు ఆటకు దూరమైంది. తిరిగి వచ్చి 2019లో మాస్కోలో మహిళల ప్రపంచ రాపిడ్ పోటీ గెలిచింది, 2024లో న్యూయార్క్‌లో మళ్ళీ గెలిచింది. అలా దూరమవడం వేరు. నేను సిగ్గుతో పారిపోయాను. నీ శనివారం రాత్రి ఏడు ఆటలు చూసినప్పుడు నాకు అదే కనబడింది. నేను పారిపోయింది బయటికి, నువ్వు పారిపోతున్నది ఇంకో ఆటలోకి. ఫోనులో ఓడితే ఎదుట ముఖం ఉండదు, మీట నొక్కితే కొత్త మనిషి వస్తాడు. చెన్నైలో ఓడితే ఎదుట మనిషే ఉంటాడు. పదేళ్ళ పిల్లాడు కావచ్చు, నా వయసువాడు కావచ్చు. చెయ్యి చాస్తాడు. పట్టుకో. కూర్చుని చూద్దామంటే కూర్చో. అతను అనకపోతే నువ్వు అను. ఎక్కడ తప్పిందో అతని నోట విను. ఆ తర్వాత ఏదైనా తిను, ఆ రాత్రికి ఫోను మీ అమ్మ చేతికిచ్చి పడుకో. అవును, మీ అమ్మ నీతో వస్తుంది, నేను మాట్లాడాను. సెలవు మాత్రం రేపే అడుగు. సప్తగిరి రైలుకు టిక్కెట్లు నేను తీస్తాను, ముందురోజే ఇద్దరూ ఇక్కడికి వచ్చేయండి.

నువ్వు వారం ముందుగానే రాగలిగితే ఏనుగూ బంటూ ఆటలు కూర్చుని ఆడదాం. వంతెన కట్టేవైపు ఒకరోజు, దాన్ని అడ్డుకునేవైపు ఒకరోజు. అడ్డుకునేటప్పుడు ఏనుగును నీ మూడో వరుసలో ఉంచి బంటు అక్కడికి అడుగుపెట్టేదాకా ఆ వరుస వదలకూడదు, అడుగుపెట్టాక బంటు వెనక దూరంగా పోయి చెక్‌లు మొదలుపెట్టాలి. ఇది చదివితే రాదు, చేతికి రావాలి. బల్ల తుడిచిపెట్టాను. నీకు ఆరేళ్ళప్పుడు తెల్ల మంత్రిని మిద్దెమీదినుంచి కాలవలో పడేశావు, దాని స్థానంలో తిరుచానూరులో కొన్న మరపాచి కొయ్యబొమ్మను నిలబెట్టాం. అది ఇంకా అక్కడే ఉంది, రంగు నల్లబడి. ఎర్రచీర రాణి అని పిలిచేదానివి. ఆమెను మార్చుకోమంటే ఏడ్చేదానివి. ఇప్పుడు గుర్తొస్తే, మంత్రుల్ని మార్చుకోలేని జబ్బు నేనే అంటించానేమో.

ఇందులో తొమ్మిది పోస్టుకార్డులు పెట్టాను, రౌండుకొకటి. ఫోనులో ఫలితం చెప్పకు, మీ అమ్మ చెబుతుంది. కార్డు మీద నీకు ఎక్కువసేపు పట్టిన ఒక్క ఎత్తు రాసి, ఎందుకంత సేపు పట్టిందో రాసి పంపు. ఓడిన రోజు కూడా. కుడివైపు నా చిరునామా తొమ్మిదింటిమీదా రాసేశాను. పంపినవారి చిరునామా నువ్వే రాయాలి.

మీ తాతయ్య