పద్నాలుగేళ్లకే ప్రొఫెషనల్ అయిన వూ లెయ్‌ని చూసి బడి మాన్పించాలా?

ప్రశ్న: మా అబ్బాయికి పదమూడేళ్లు. హైదరాబాద్‌లో ఎనిమిదో తరగతి చదువుతున్నాడు. స్కూల్ ఫుట్‌బాల్ టీమ్‌లో రైట్ వింగర్, అంటే మైదానం కుడి అంచు నుంచి దాడి చేసే ఆటగాడు. చైనా ఆటగాడు వూ లెయ్ పద్నాలుగేళ్లకే ప్రొఫెషనల్ మ్యాచ్ ఆడాడని, ఇప్పుడు చేర్చకపోతే ఆలస్యమైపోతుందని కోచ్ అంటున్నారు. బడి మాన్పించి రెసిడెన్షియల్ అకాడమీలో వేయమంటారా? - ఒక తండ్రి

జవాబు: కోచ్ గారు చెప్పింది నిజమేనండీ, కానీ సగమే.

వూ లెయ్ షాంఘై డోంగ్యా తరఫున 2006 సెప్టెంబర్ 2న బరిలోకి దిగాడు. అప్పటికి అతని వయసు 14 ఏళ్ల 287 రోజులు. చైనా ప్రొఫెషనల్ ఫుట్‌బాల్‌లో అంతకుముందు అంత చిన్నవాడు ఎవరూ ఆడలేదు. అయితే అది ఏ స్థాయి మ్యాచో చూడండి. లీగ్ టూ, అంటే దేశంలో మూడో అంచె. ఆ క్లబ్ ఎలా పుట్టిందో కూడా చూడండి. జాతీయ జట్టుకు కోచ్‌గా చేసిన షూ గన్‌బావ్ 2000లో, యాంగ్జీ నది సముద్రంలో కలిసేచోట ఉన్న చోంగ్‌మింగ్ దీవిలో శిక్షణ కేంద్రం తెరిచారు. పిల్లలను అక్కడే ఉంచి ఆట నేర్పారు. వాళ్లకు నిజమైన పోటీ మ్యాచ్‌లు కావాలని క్లబ్బే పెట్టేశారు. కాబట్టి వూ లెయ్ పెద్దవాళ్లను పక్కకు నెట్టి జట్టులో చోటు సంపాదించలేదు. అతని పక్కన ఆడినవాళ్లలో ఎక్కువమంది అదే కేంద్రంలో పెరిగిన కుర్రాళ్లు. తర్వాత జాతీయ జట్టుకు ఆడిన జాంగ్ లిన్‌పెంగ్, గోల్‌కీపర్ యాన్ జున్‌లింగ్ అక్కడివాళ్లే.

ఇక మిగతా సగం. 2007లో జట్టు రెండో అంచెకు ఎక్కింది. అక్కడే 2008 నుంచి 2012 దాకా ఐదు సీజన్లు గడిచాయి. మొదటి అంచె అయిన సూపర్ లీగ్‌లో అడుగుపెట్టేసరికి 2013 వచ్చింది, వూ లెయ్‌కి 21 ఏళ్లు నిండాయి. ఆ ఏడాదే 15 గోల్స్ కొట్టాడు. పద్నాలుగేళ్ల రికార్డు గురించి అందరూ చెబుతారు. పేపర్లలో పెద్దగా పేరు రాని లీగుల్లో అతను ఆడిన ఆ ఏడు సీజన్ల గురించి ఎవరూ చెప్పరు. నన్నడిగితే అతన్ని తయారుచేసింది అవే.

మీ వాడు వింగర్ కాబట్టి ఇంకో మాట. హల్క్, ఎల్కెసన్ లాంటి బ్రెజిల్ వాళ్లు వచ్చాక జట్టు దాడి ఎక్కువగా వాళ్ల చుట్టూ తిరిగేది. వూ లెయ్ మైదానం అంచు నుంచి లోపలికి దూరేవాడు. బంతి తన దగ్గర లేనప్పుడు డిఫెండర్ వీపు వెనక నిలబడి, పాస్ వదిలిన క్షణంలో పరుగు తీయడం అతని బలం. 2018లో 27 గోల్స్‌తో లీగ్ టాప్ స్కోరర్ అయ్యాడు, జట్టు ఛాంపియన్ అయింది. 2019 జనవరిలో, 27 ఏళ్ల వయసులో స్పెయిన్ క్లబ్ ఎస్పాన్యోల్‌కు వెళ్లాడు. 2020 జనవరి 4న బార్సిలోనా మీద 88వ నిమిషంలో కొట్టిన గోల్ చూడండి, మీ వాడికీ చూపించండి. డిఫెన్స్ వెనక్కి పరిగెత్తి, పాస్ అందుకుని, నేలబారుగా అవతలి మూలకు కొట్టి స్కోరు 2-2 చేశాడు. ఆ పరుగు కోన్ల చుట్టూ డ్రిబ్లింగ్ చేస్తే రాదు. మ్యాచ్‌లు ఆడాలి, చాలా ఆడాలి.

అందుకే బడి ఇప్పుడే మాన్పించవద్దు. పదో తరగతి పూర్తవనివ్వండి. శిక్షణ వేళలు మరీ అడ్డొస్తే ఎన్‌ఐఓఎస్ ఓపెన్ స్కూల్‌లో పద్నాలుగేళ్లు నిండాక పదికి కట్టించవచ్చు. ఏజెంట్ ఎవరైనా వచ్చి యూరప్ క్లబ్‌లో చేర్పిస్తాం, డబ్బు కట్టండి అంటే నమ్మకండి. కొన్ని మినహాయింపులు తప్ప, 18 ఏళ్ల లోపు ఆటగాళ్లను దేశం దాటించి చేర్చుకోవడాన్ని ఫిఫా నిబంధనలు ఒప్పుకోవు.

అకాడమీకి వెళ్లినప్పుడు మైదానం, జిమ్ చూసి మురిసిపోకండి. పోయిన సీజన్‌లో మీ వాడి వయసు పిల్లలు ఏ లీగ్‌లో, ఎన్ని మ్యాచ్‌లు ఆడారో కాగితం మీద ఇవ్వమనండి. అక్కడ చేరి మధ్యలో మానేసిన పిల్లల తల్లిదండ్రులు ఇద్దరు ముగ్గురితో మాట్లాడండి. ఆ కాగితం ఇవ్వడానికి సాకులు చెబితే అడ్వాన్స్ కూడా కట్టకుండా వచ్చేయండి.