పదిమందిలో పాము చావదు

ప్రశ్న: మేడమ్, పిల్లల కోసం పనిచేసే ఒక చిన్న స్వచ్ఛంద సంస్థలో చేరి ఏడాదైంది. సాయంత్రం మా దగ్గర చదువుకునే తొమ్మిదేళ్ల బాబు గురించి నాకు టెన్షన్‌గా ఉంది. ఒంటి మీద దెబ్బలేం లేవు. కానీ రోజూ ఆకలితోనే వస్తాడు. పన్ను నొప్పి అని నెలన్నరగా అంటున్నాడు. ఇంటికి వెళ్లే వేళకి ఏదో వంక పెట్టి ఆగిపోతాడు. బడిలో అడిగితే ‘మీకెందుకు చెప్పాలి’ అన్నారు. మా సంస్థలో ‘బయట మాట్లాడకు’ అంటున్నారు. అందరం కలిసి కూర్చోవాలంటే ఎలా మొదలుపెట్టాలి? రుజువు లేకుండా నోరు విప్పొచ్చా?
– పేరు వేయవద్దన్న పాఠకురాలు

జవాబు: చివరి ప్రశ్న నుంచి వస్తానమ్మా. విప్పొచ్చు, విప్పాలి. నిజం తేల్చడం విచారించేవాళ్ల పని. మీరు ఏం చూశారు, ఏం విన్నారు, ఏ తేదీన, అంతవరకే మీ వంతు. ‘వాళ్లమ్మ పట్టించుకోదు’ అని రాయకండి. అది మీ తీర్పు. ‘ఈ వారం మూడు రోజులు పొద్దుటి నుంచి ఏమీ తినలేదని చెప్పాడు’ అని రాయండి.

నేను బడిలో కౌన్సెలర్‌గా ఇరవై రెండేళ్లు చేశాను. ఒక ఏడేళ్ల పాప క్లాసులో నిద్రపోతోందని నా పుస్తకంలో రెండుసార్లు రాసుకున్నాను. ఆమె సోమవారాలు రావడం లేదని టీచరుకు తెలుసు. కళ్ల పరీక్షకి తీసుకురాలేదని ఆస్పత్రికి తెలుసు. రాత్రిళ్లు ఒంటరిగా ఉంటోందని పక్కింటివాళ్లు పోలీసులకు చెప్పారట. జ్వరంతో పడి ఉన్న పాపని ఎవరో గమనించాక గానీ మేమంతా ఒక గదిలో కూర్చోలేదు. అందరి దగ్గరున్నవీ తేదీల వరసలో ఒకే కాగితం మీద రాస్తే పదకొండు వరుసలొచ్చాయి. రెండు నావి. మిగతా తొమ్మిదీ నాకు కొత్త.

నిర్లక్ష్యం తీరే అంత. దెబ్బ అయితే ఒక్కరికైనా కనపడుతుంది. ఇది చిల్లరగా తలా ఒకరి దగ్గరా ఉండిపోతుంది, ఎవరి దగ్గరున్నదీ కేసు అనిపించదు.

దెబ్బలు కనపడినా ఒక్కోసారి అంతే. లండన్‌లో 2000 ఫిబ్రవరిలో విక్టోరియా క్లింబీ అనే ఎనిమిదేళ్ల పాప ఇంట్లో పెట్టిన హింసకు చనిపోయింది. ఆ పాప నాలుగు సామాజిక సేవా విభాగాలకు, రెండు ఆస్పత్రులకు, రెండు పోలీసు బృందాలకు ముందే తెలుసు. కాపాడగలిగిన అవకాశాలు కనీసం పన్నెండు చేజారాయని లార్డ్ లామింగ్ విచారణ 2003లో చెప్పింది. సంస్థలు సహకరించుకోవాలని అక్కడ 2004లో చట్టమే తెచ్చారు.

అందరికీ తెలిస్తే సరిపోదా అంటే, పదిమందిలో పాము చావదని మన పెద్దలు ఊరికే అనలేదు. నేను చూసిన సమావేశాల్లో సగం ‘గమనిస్తూ ఉందాం’ అనే మాటతోనే ముగిశాయి. (ఆ మాట వింటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.) గమనించేది ఎవరు? ఎప్పటిదాకా? కాబట్టి మీ మొదటి సమావేశంలో ప్రతి పనికీ ఎదురుగా ఒక మనిషి పేరు, ఒక తేదీ పడేదాకా ఎవరినీ లేవనివ్వకండి. ‘బడి చూసుకుంటుంది’ అంటే కుదరదు. బడిలో ఎవరు?

పిలవాల్సింది మీరు కాదు. మీ సంస్థ బాధ్యుల చేత, పిల్లల రక్షణ చూసే ప్రభుత్వ అధికారికి రాతపూర్వకంగా చెప్పించండి. ఆ అధికారి పిలిస్తే బడీ వస్తుంది, ఆస్పత్రీ వస్తుంది. గోప్యత అంటే ఊరంతా చెప్పకపోవడం, ఆ అధికారికి కూడా దాచడం కాదు. మీవాళ్లు కదలకపోతే మీరే చెప్పండి. బాబుకి ఇప్పటికిప్పుడు ప్రమాదం అనిపిస్తే మాత్రం ఇవేవీ ఆలోచించకుండా నేరుగా పోలీసులకు ఫోన్ చేయండి.

ఇంకో సంగతి. బాబుని తలా ఒకసారి కూర్చోబెట్టి అడగకండి. చెప్పిందే చెప్పీ చెప్పీ పిల్లలు విసిగిపోతారు, భయపడి మాట మారుస్తారు కూడా. అమెరికాలోని హంట్స్‌విల్‌లో 1985లో పోలీసులు, డాక్టర్లు, ప్రాసిక్యూటర్లు పిల్లల కోసం ఒకే చోట కలిసి పనిచేసే కేంద్రం పెట్టింది ఇందుకే. ఐస్‌లాండ్ 1998లో అలాంటిదే తెరిచింది. మీ దగ్గర అలాంటి చోటు లేకపోయినా, వివరంగా అడిగేది ఒక్కరే అని నిర్ణయించుకోవచ్చు. ఈలోగా తనంతట తానే ఏదైనా చెబితే వినండి. ‘ఎవరికీ చెప్పను’ అని మాత్రం మాటివ్వకండి.

తల్లిదండ్రుల్ని ముందే దోషుల్ని చేయకండి. మొదట చెప్పిన మా బడి పాప తల్లి రాత్రి షిఫ్టులో పనిచేసేదని మాకు ఆ గదిలోనే తెలిసింది. ఆమెకు కావలసింది రాత్రిపూట పాప దగ్గర ఉండే ఒక మనిషి.

మీ బాబు పన్ను సంగతి సమావేశం దాకా ఆపకండి. ఇంట్లోవాళ్లతో మాట్లాడి ఈ వారమే డాక్టరు దగ్గరికి వెళ్లేలా చూడండి. వద్దంటే, ఏమన్నారో తేదీతో సహా రాసి అదే రోజు అధికారికి చెప్పండి.