మామగారికి ఎడారి చూపించడానికి అప్పు చేయాలా?

బెంగళూరు మారతహళ్లి నుంచి ఒక పాఠకురాలు 2025 జూన్‌లో రాసిన ఉత్తరం ఇది. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగులు. ఇద్దరి జీతం కలిపి నెలకు 1,65,000 రూపాయలు చేతికి వస్తుంది. ఇంటి రుణం, పాప స్కూలు ఫీజు, మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా పెట్టే 15,000 సిప్, ఇంటి ఖర్చులు పోగా 20,000 మిగులుతుంది. అత్యవసరానికని 4 లక్షల ఎఫ్‌డీ ఉంది. ఆగస్టులో 1,60,000 ఆర్‌డీ చేతికి వస్తుంది. అనంతపురం జిల్లాలో నలభై ఏళ్లు వేరుశనగ పండించి, ఇప్పుడు వీళ్ల దగ్గరే ఉంటున్న మామగారికి 69 ఏళ్లు, అత్తగారికి 64. ఎడారి, సముద్రం ఒకే చోట కలిసే దేశాన్ని ఒక్కసారి చూడాలని మామగారి కోరిక. అందుకని నవంబరులో ఐదుగురూ ఒమాన్ వెళ్లాలనుకున్నారు. ట్రావెల్ ఏజెన్సీ ఏడు రాత్రుల ప్యాకేజీకి 6,20,000 చెప్పి, దానిపై టీసీఎస్ (అమ్మేవాళ్లే ముందుగా వసూలు చేసే పన్ను) అదనం అంది. బ్యాంకు 14 శాతం వడ్డీకి 5 లక్షల వ్యక్తిగత రుణం ఇస్తానంటోంది. భర్త రెండేళ్లు ఆగుదామంటున్నారు. అత్తగారేమో తన గాజులు కుదువ పెట్టమంటున్నారు. "ఏది సరైన దారి?" అని ఆమె ప్రశ్న.

ముందు మీవారి మాట తీసుకుంటాను. రెండేళ్లు ఆగడానికి నేను ఒప్పుకోను. మా అమ్మ రామేశ్వరం వెళ్దామని అడిగిన మూడుసార్లూ ఫ్లాటు వాయిదాలు తీరాక చూద్దామన్నాను. తీరా వెళ్లేసరికి ఆమె ఆలయ ప్రాకారం చుట్టూ నడవలేకపోయింది. మండపంలో కూర్చుని మమ్మల్ని వెళ్లి రమ్మంది. డెబ్బైల్లో మోకాళ్లు మన లెక్కల కోసం ఆగవు. కాబట్టి ఈ నవంబరులోనే వెళ్లండి. మార్చుకోవలసింది తేదీలను కాదు, ప్రయాణం తీరును.

ఇప్పుడు రుణం సంగతి. 5 లక్షలకు 14 శాతం వడ్డీ, మూడేళ్ల గడువు అంటే నెలకు 17,089 రూపాయల ఈఎంఐ. మొత్తం వడ్డీ 1,15,000 దాటుతుంది. ప్రాసెసింగ్ రుసుము ఇందులో లేదు. నన్ను ఎక్కువ కలవరపెట్టేది మాత్రం వడ్డీ కాదు. మీకు నెలకు మిగిలే 20,000లో ఈ ఈఎంఐ పోతే చేతిలో ఉండేది మూడు వేలకు లోపే, అదీ 2028 చివరి దాకా. ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్లు, చదువుకునే పాప ఉన్నారు. ఒక పంటి వైద్యం, ఒక ఫ్రిజ్ మరమ్మతు కూడా క్రెడిట్ కార్డు మీద పడుతుంది. ఏడు రాత్రుల విహారం కోసం ముప్పై ఆరు నెలలు అలా ఊపిరి బిగబట్టి బతకమని నేను చెప్పలేను.

ఎఫ్‌డీని కూడా కదపవద్దు. మీ ఈఎంఐలు, ఇంటి ఖర్చులు చూస్తే అది మూడు నెలల పైచిలుకు రక్షణ మాత్రమే. నిజానికి అదే తక్కువ. పాప చదువు కోసం పెట్టిన ఫండ్ యూనిట్లు అమ్మే ఆలోచన ఉంటే అదీ మానండి. గాజుల విషయంలో అత్తగారి మనసు గొప్పది. అయితే ఆమె గాజులు వడ్డీ కట్టుకుంటూ విడిపించుకోవలసిన బాకీగా మారితే, ఆ ఎడారిలో నిలబడి ఆవిడ చూసేది ఇసుకను కాదు, బోసి చేతులను.

మరి డబ్బు ఎక్కడిది? ఆగస్టులో వచ్చే ఆర్‌డీ 1,60,000. జూన్ నుంచి అక్టోబరు దాకా నెలనెలా మిగిలే 20,000 చొప్పున లక్ష. దీపావళి బోనస్ 1,20,000 రావచ్చని రాశారు, కానీ నిరుడు వచ్చింది 90,000 అని మీరే చెప్పారు. నేను 90,000 మాత్రమే లెక్కేస్తాను. మొత్తం 3,50,000. ఒక్క నెల సిప్ ఆపితే 3,65,000. ఒక నెల సిప్ ఆగడం పెద్ద నష్టం కాదు, మళ్లీ మొదలుపెట్టడం మరిచిపోతేనే నష్టం. అందుకని పూర్తిగా రద్దు చేయకుండా, ఒక నెల విరామం కావాలని యాప్‌లో నమోదు చేయండి.

ఈ సొమ్ములో ఏడు రాత్రులు రావు, ఐదు వస్తాయి. మీరు పంపిన ప్యాకేజీ కాగితం చూశాను. నాలుగు రాత్రులు మస్కట్ సముద్రతీరంలోని ఖరీదైన రిసార్టులో, ఒక పూట పడవలో విందు. రిసార్టు, విందు మామగారు అడిగినవి కావు. ఆయన అడిగిన ఎడారికి దక్కింది ఒక్క రాత్రి. మనం తగ్గించవలసింది రిసార్టును.

నా సూచన ఇది. నవంబరు 9 ఆదివారం బయలుదేరి 14 శుక్రవారం తిరిగి రండి. మస్కట్‌లో రెండు రాత్రులు. మత్రా బజారు, ఓడరేవు ఒడ్డున నడక, అత్తగారి కోసం పాత మస్కట్‌లోని మోతీశ్వర్ శివాలయం. తర్వాత తీరం వెంట సూర్ పట్టణానికి వెళ్లండి, దాదాపు 200 కిలోమీటర్లు, ఒక పక్క కొండలు, మరో పక్క నీలి సముద్రం. దారిలో బిమ్మా దగ్గర నేల కుంగి ఏర్పడిన నీటి గుంట పాపకు నచ్చుతుంది. సూర్‌లో ఒక రాత్రి. అక్కడి నుంచి బిదియా మీదుగా షర్కియా ఇసుక తిన్నెల్లోకి వెళ్లి గుడారంలో ఒక రాత్రి. పాత పేరు వహీబా అంటే అక్కడివాళ్లకు వెంటనే తెలుస్తుంది. చివరి రాత్రి నిజ్వాలో.

నిజ్వాను పట్టుబట్టి చేర్చడానికి కారణం మామగారే. అక్కడ శుక్రవారం పొద్దున్నే కోట పక్కన పశువుల సంత జరుగుతుంది. మేకలను, ఆవులను వలయంగా తిప్పుతూ వేలం వేస్తారు. అదే ఊళ్లో ఫలజ్ దారిస్ అనే పాత కాలువ ఉంది. ఏడాది పొడవునా పారే నది ఒక్కటీ లేని ఆ దేశంలో, భూగర్భ జలాన్ని కేవలం వాలు ఆధారంగా ఊళ్లకు, తోటలకు పారించే ఇలాంటి కాలువలు దాదాపు 3,000 ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి. వాటిలో ఐదింటిని 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఎవరి తోటకు ఎంతసేపు నీరు అన్నది పూర్వం పగలు నీడను, రాత్రి నక్షత్రాలను చూసి పంచుకునేవారు. వాన కోసం ఆకాశం చూస్తూ నలభై ఏళ్లు గడిపిన అనంతపురం రైతుకు ఆ కాలువ గట్టు మీద గంటసేపు కూర్చునే అవకాశం ఇవ్వండి. దానికయ్యే ఖర్చు దాదాపు ఏమీ లేదు.

తేదీలకూ డబ్బుకూ సంబంధం ఉంది. నవంబరు 20 ఒమాన్ జాతీయ దినోత్సవం. ఆ సెలవుల్లో అక్కడివాళ్లే ఎడారికి, కొండలకు వెళ్తారు, గుడారాలు నిండిపోతాయి. వారాంతం అక్కడ శుక్ర, శనివారాలు. మీ గుడారం రాత్రి బుధవారం పడుతుంది కాబట్టి బేరానికి వీలుంటుంది. పాపకు ఐదు రోజులు బడి పోతుంది, పోనివ్వండి. వేసవి సెలవుల్లో గదులు చవక అన్న మీవారి మాట నిజమే. కానీ అప్పుడు ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, పెద్దవాళ్లతో అది కుదరదు. నవంబరులో మస్కట్‌లో పగలు 30 డిగ్రీల ప్రాంతంలో ఉంటుంది. ఎడారిలో రాత్రి చలి వేస్తుంది, శాలువాలు పెట్టుకోండి.

ఖర్చు ఇలా పంచుకోండి. మీరు చూసిన ధరకే నేరుగా వెళ్లే విమానం టికెట్లు ఐదుగురికి 1,20,000. నాలుగు రాత్రులకు రెండేసి గదులు 70,000. ఎడారి గుడారాలు, భోజనంతో 40,000. డ్రైవరుతో సహా పెద్ద కారు 55,000. అక్కడ రోడ్డుకు కుడివైపున నడపాలి, మీవారిని స్టీరింగ్ ముందు కూర్చోబెట్టి పొదుపు చేయకండి. భోజనాలు, ప్రవేశ రుసుములు 35,000. బీమాకు 15,000. పది రోజుల ఈ-వీసా ఒక్కొక్కరికి 5 రియాళ్లు, ఐదుగురికి దాదాపు 6,000. రాయల్ ఒమాన్ పోలీసు అధికారిక వెబ్‌సైటులో మీరే దరఖాస్తు చేయవచ్చు. ఇవన్నీ పోను చేతిలో 20,000 విడిగా ఉంచండి. మొత్తం 3,61,000.

టీసీఎస్ గురించి మీకు ఎవరూ సరిగా చెప్పలేదని ఉత్తరం చూస్తే అర్థమైంది. 2025లో విదేశీ పర్యటన ప్యాకేజీ కొంటే, ఏడాదికి 10 లక్షల వరకు 5 శాతం అదనంగా వసూలు చేసేవారు. మీ ప్యాకేజీపై అది 31,000. ఈ డబ్బు పోదు. మీ పాన్ మీద పన్ను ఖాతాలో కనిపిస్తుంది, కట్టవలసిన ఆదాయపు పన్నులో తగ్గుతుంది. ఈ వివరాలు ముందే ఇస్తే మీ కంపెనీ జీతంలో కోసే పన్నునే తగ్గిస్తుంది. అయితే బిల్లు మామగారి పాన్ మీద రాయిస్తే, పన్ను లేని ఆయన కేవలం రీఫండ్ కోసం రిటర్న్ దాఖలు చేయవలసి వస్తుంది. నేను చెప్పిన పద్ధతిలో టికెట్లు ఒకచోట, గదులు మరోచోట విడివిడిగా మీరే కొంటే అది ప్యాకేజీ కిందకు రాదు, ఆ 31,000 అసలు బయటికి వెళ్లదు.

రియాల్ విషయంలో ఒక జాగ్రత్త. మీరు ఉత్తరం రాసిన 2025 జూన్‌లో ఒక రియాల్ 225 రూపాయల దరిదాపుల్లో ఉండేది. "రెండు రియాళ్లే కదా" అనిపించినప్పుడల్లా 450 రూపాయలని గుర్తుచేసుకోండి. ఒమాన్ రియాల్‌ను 1986 నుంచి ఒకే విలువ దగ్గర, 2.6 డాలర్లకు, కట్టి ఉంచారు. కాబట్టి రూపాయి డాలర్‌తో ఎంత తగ్గితే మీ ఖర్చు అంత పెరుగుతుంది. 3 శాతం తగ్గినా అక్కడ పెట్టే ఖర్చుపై 6,000 పైచిలుకు పెరుగుతుంది, మనం విడిగా ఉంచిన 20,000 అందుకే. విదేశీ కరెన్సీ నింపుకునే ఫారెక్స్ కార్డు తీసుకుంటే అందులో రియాల్ ఉందో లేదో చూడండి. లేకపోతే డాలర్ నుంచి మళ్లీ మార్పిడి రుసుము పడుతుంది. క్రెడిట్ కార్డుపై చాలా బ్యాంకులు 2 నుంచి 3.5 శాతం, దానిపై 18 శాతం జీఎస్‌టీ తీసుకుంటాయి. దుకాణంలో మిషన్ "రూపాయల్లో కడతారా" అని అడిగితే రియాళ్లే నొక్కండి. రూపాయలు నొక్కితే వాళ్లకు తోచిన మారకం రేటు పడుతుంది.

ఈ ప్రయాణంలో నేను రాజీపడని ఖర్చు బీమా. మామగారికి షుగర్, అత్తగారికి బీపీ ఉన్నాయని రాశారు. దరఖాస్తులో ఆ రెండూ తప్పకుండా రాయండి. ప్రీమియం పెరుగుతుందని దాచిపెడితే, అక్కడ ఆసుపత్రిలో చేరాక క్లెయిమ్ తిరస్కరించడానికి మీరే కారణం ఇచ్చినట్టు. పాత జబ్బులకు ఎంతవరకు వర్తిస్తుందో పాలసీ పత్రంలో చదవండి. చాలా పాలసీలు ప్రాణాపాయం ఉన్నప్పుడే ఇస్తాయి. మీ కంపెనీ ఆరోగ్య బీమా సాధారణంగా విదేశాల్లో పనిచేయదు. మందులు మామూలు డబ్బాల్లో పోయకుండా అసలు ప్యాకింగులోనే, డాక్టరు చీటీతో తీసుకెళ్లండి.

ఆర్‌డీ డబ్బు రాగానే ఆగస్టులో టికెట్లు కొనండి. దానికంటే ముందు పెద్దవాళ్ల పాస్‌పోర్టులు చేతికి రావాలి. రుసుము 1,500, అరవై దాటినవారికి పది శాతం తగ్గింపు ఉంది. మామగారి ఆధార్‌లో ఇంటిపేరు ఒక రకంగా, పట్టాదారు పాసుపుస్తకంలో మరో రకంగా ఉందని రాశారు. పాస్‌పోర్టుకు పనికొచ్చేది ఆధార్. అందులో పేరు, పుట్టిన తేదీ సరిగా ఉన్నాయో లేదో ఈ వారమే చూడండి. సవరణ అవసరమైతే అది పూర్తయి కార్డు వచ్చాకే పాస్‌పోర్టుకు దరఖాస్తు చేయండి.