గ్యాస్ మాత్రతో నెలసరి ఆగుతుందా?

ప్రశ్న: నా వయసు 29. కడుపుబ్బరానికి నాలుగు నెలలుగా రోజూ పరగడుపున రాబెప్రజోల్–లెవోసల్పిరైడ్ క్యాప్సూల్ వేసుకుంటున్నాను. రెండు నెలలుగా నెలసరి లేదు. రొమ్ముల నుంచి పాలలాంటి ద్రవం వస్తోంది. ప్రొలాక్టిన్ 110 ఉంది. తలలో గడ్డ ఉందేమోనని ఇంట్లో అందరికీ టెన్షన్. కిడ్నీ జబ్బున్న మా మామయ్యకూ ఇదే క్యాప్సూల్ ఇస్తున్నాం. క్రియాటినిన్ 2.4. ఇవ్వొచ్చా?
– ఒక పాఠకురాలు, నల్లగొండ

జవాబు: గడ్డ సంగతి తర్వాత, ముందు ఆ క్యాప్సూల్‌నే అనుమానించాలమ్మా. పాలు పడేలా చేసే ప్రొలాక్టిన్ హార్మోన్ మెదడు అడుగున, బఠాణీ గింజంత ఉండే పిట్యూటరీ గ్రంథిలో తయారవుతుంది. అది పెరగకుండా అదుపులో ఉంచేది డోపమైన్ అనే మెదడు రసాయనం. లెవోసల్పిరైడ్ ఆ డోపమైన్ పనినే అడ్డుకుంటుంది. దాంతో పొట్ట కదలికలు పెరిగి ఉబ్బరం తగ్గుతుంది కానీ, ప్రొలాక్టిన్‌కు పట్టపగ్గాలు ఉండవు. పాలు పడతాయి, అండం విడుదల ఆగుతుంది. వాంతులకు, ఉబ్బరానికి వాడే డాంపెరిడోన్, మెటోక్లోప్రమైడ్‌తోనూ ఇదే ఇబ్బంది. ప్రొలాక్టిన్ మామూలుగా 25 లోపు ఉండాలి. ఈ మందులతో వంద దాటడం కొత్తేమీ కాదు.

రెండు నెలలుగా నెలసరి లేదు కాబట్టి మొదట గర్భ పరీక్ష చేయించుకోండి. మీ డాక్టర్‌తో మాట్లాడి క్యాప్సూల్ ఆపి, కనీసం మూడు రోజుల తర్వాత ప్రొలాక్టిన్ మళ్లీ చూపించుకోండి. థైరాయిడ్ పరీక్ష కూడా అవసరం. అప్పటికీ ప్రొలాక్టిన్ తగ్గకపోయినా, తలనొప్పి, చూపులో తేడా ఉన్నా ఎంఆర్ఐ తీయాలి. ఒకవేళ చిన్న గడ్డ ఉన్నా భయపడకండి. డోపమైన్‌లా పనిచేసే కాబెర్గోలిన్ మాత్రలతోనే చాలామందికి కుంచించుకుపోతుంది. గ్యాస్ క్యాప్సూల్ మానకుండా ప్రొలాక్టిన్ తగ్గించడానికని కాబెర్గోలిన్ వాడటం మాత్రం సరికాదు. మానసిక సమస్యలకు వాడే కొన్ని మందులూ ప్రొలాక్టిన్ పెంచుతాయి, వాటిని ఎవరూ సొంతంగా ఆపకూడదు.

మీకన్నా మీ మామయ్య గురించే నాకు ఎక్కువ ఆందోళనగా ఉంది. లెవోసల్పిరైడ్ చాలావరకు మూత్రంలోనే బయటికి పోవాలి. కిడ్నీలు సరిగా పనిచేయనప్పుడు అది ఒంట్లో పేరుకుపోతుంది. ఒక పెద్దాయనను వణుకుడు జబ్బని నా దగ్గరికి తీసుకొచ్చారు. చొక్కా గుండీ పెట్టుకోవడానికి చేతులు సహకరించేవి కావు, అడుగులో అడుగు వేస్తూ నడిచేవారు. మందుల సంచి తీస్తే ఇదే క్యాప్సూల్, షాపులో అడిగి ఏడాదిగా వాడుతున్నారట. ఆపిన కొన్ని వారాలకు చాలావరకు తేరుకున్నారు. మామయ్య చేతులు, నడక గమనించండి. రేపే కిడ్నీ డాక్టర్‌కు ఆ స్ట్రిప్ చూపించి, వేరే మందు రాయించుకోండి.

ఇంకొకటి, పాలు వస్తున్నాయేమోనని రొమ్ములు పదేపదే నొక్కి చూసుకోకండి, అలా చేసినా ప్రొలాక్టిన్ పెరుగుతుంది. ద్రవం ఒకవైపే వచ్చినా, రక్తం కలిసినా ఆలస్యం చేయకుండా సర్జన్‌ను కలవండి.