పెద్దల ఇష్టాలు, ఏడు నిమిషాల ప్రసంగాలు

ప్రశ్న: మా నివాస సముదాయంలో అరవై దాటినవారు ముప్ఫై మందికి పైగా ఉన్నారు. నెలకొకసారి అందరం కూర్చుని, వారిలో కొందరు తమకు ఇష్టమైన విషయం గురించి కొద్దిసేపు మాట్లాడే ఏర్పాటు చేయాలనుకుంటున్నాం. ఎన్నో ఏళ్లుగా తపాలా బిళ్లలు సేకరిస్తున్న మా మామగారిని ముందుగా అడిగితే, "నా దగ్గర చెప్పడానికేముందమ్మా" అన్నారు. ఇంటికి వచ్చినవారి ముందు ఆల్బమ్ తెరిస్తే మాత్రం గంట దాటినా ఆపరు. ఆయనను ఎలా ఒప్పించాలి? ఒక్కొక్కరికి ఎంత సమయం ఇవ్వాలి?

జవాబు: ఆయన వెనుకాడటానికీ, మొదలుపెడితే ఆపకపోవడానికీ కారణం ఒకటే. ఒక జీవితకాలపు సేకరణ మొత్తాన్ని చెప్పాలనుకున్నవారికి మొదలు ఎక్కడో తెలియదు, చివర ఎక్కడో తెలియదు. అందువల్ల "తపాలా బిళ్లల గురించి మాట్లాడండి" అని అడగకుండా, ఆల్బమ్ ఆయన ముందు ఉంచి "వీటిలో ఒక్కదాన్నే చూపించాలంటే దేన్ని చూపిస్తారు, ఎందుకు?" అని అడగండి. ఆయన చెప్పే జవాబే ప్రసంగం.

ఉదాహరణకు బిళ్ల అంచునే తీసుకోండి. 1840లో బ్రిటన్‌లో వెలువడిన తొలి తపాలా బిళ్ల పెన్నీ బ్లాక్‌కు అంచున చిల్లులు లేవు. పెద్ద కాగితం మీద అచ్చయిన బిళ్లలను కత్తెరతో ఒక్కొక్కటిగా వేరు చేసుకోవలసి వచ్చేది. చిల్లులు ఆ తరువాత వచ్చాయి. రెండు సెంటీమీటర్ల పొడవులో ఎన్ని చిల్లులు ఉన్నాయో సేకర్తలు లెక్కిస్తారు. బొమ్మ, రంగు, వెల ఒకటే అయిన రెండు బిళ్లలు ఈ లెక్కలో తేడా వల్ల వేర్వేరు ముద్రణలకు చెందినవని తేలుతుంటాయి. ఇంతవరకు చెప్పి, అలాంటి జంట ఒకటి తనకు ఎలా దొరికిందో మీ మామగారు చెబితే, తపాలా బిళ్లల మీద ఏనాడూ మనసు పెట్టనివారు కూడా ఇంటికి వెళ్లి పాత ఉత్తరాల కట్ట విప్పుతారు.

సమయం విషయానికి వస్తే, ప్రసంగాలు నేర్పే టోస్ట్‌మాస్టర్స్ సంఘాల్లో సాధారణ ప్రసంగానికి ఐదు నుంచి ఏడు నిమిషాలు ఇస్తారు. తెర మీద చిత్రాలు చూపిస్తూ మాట్లాడటానికి 2003లో టోక్యోలో మొదలైన పెచకుచ పద్ధతిలో ఇరవై చిత్రాలు, ఒక్కొక్కదానికి ఇరవై సెకన్లు, అంటే మొత్తం ఆరు నిమిషాల నలభై సెకన్లు. రెండూ దాదాపు ఒకే చోటికి చేరాయి కనుక మీరూ ఏడు నిమిషాలు పెట్టుకోండి. అయితే చిత్రాలు వాటంతటవే మారిపోయే ఏర్పాటు మాత్రం పెద్దలకు వద్దని నా అభిప్రాయం, ఎందుకంటే ఒక జ్ఞాపకం దగ్గర గొంతు ఆగిన మనిషిని యంత్రం ముందుకు తోయడం చూడలేం. సమయం దగ్గరపడినప్పుడు గంట కొట్టడం కూడా మర్యాద కాదు. టోస్ట్‌మాస్టర్స్ వారు వాడే ఆకుపచ్చ, పసుపు, ఎరుపు గుర్తులను రంగు అట్టలతో మీరే తయారు చేసుకుని, వక్తకు ఎదురుగా కూర్చున్నవారితో చూపించండి. ఒక సాయంత్రానికి ముగ్గురు వక్తలు చాలు.

వృద్ధుల చదువు కోసం 1973లో ఫ్రాన్స్‌లోని తులూజ్‌లో మొదలైన 'మూడవ వయసు విశ్వవిద్యాలయం' అక్కడి విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో నడిచింది. 1980ల తొలినాళ్లలో అదే ఆలోచన బ్రిటన్ చేరినప్పుడు, సభ్యులే ఒకరికొకరు చెప్పుకొనే పద్ధతి పుట్టింది. నాకు ఈ రెండవ పద్ధతి మీద గురి ఎక్కువ. పెద్దలను కాలక్షేపం కావలసినవారిగా కాక, మనకు తెలియనిది తెలిసినవారిగా అది చూస్తుంది. మీ ఆహ్వానంలోనూ ఆ సంగతి కనిపించాలి. 'వయోవృద్ధుల కార్యక్రమం' అని రాయకుండా 'తపాలా బిళ్ల అంచు కథ' అని రాయండి.

ప్రశ్న: నా వయసు 72. కుట్టుపని, అల్లికల గురించి మాట్లాడమన్నారు. ఇష్టమే కాని, మధ్యలో పేర్లు గుర్తురాక ఆగిపోతానేమోనని భయంగా ఉంది. అంతా రాసుకుని చదివేయవచ్చా?

జవాబు: వయసుతో పాటు ముందుగా జారిపోయేవి మనుషుల పేర్లు, ఊళ్ల పేర్లేనమ్మా. ఒక పనిముట్టు పేరు తట్టకపోతే దాని ఆకారం, ఉపయోగం, దానితో చేసిన పని అన్నీ కలిసి ఆ మాటను పట్టి ఇస్తాయి. మనిషి పేరుకు అలాంటి ఆధారాలు తక్కువ. మీకు తెలిసింది ఎక్కడికీ పోలేదు, మాట పైకి రావడం కొంచెం ఆలస్యమవుతుంది, అంతే. కాబట్టి పేర్లను, సంవత్సరాలను మాత్రం ఒక అట్ట మీద పెద్ద అక్షరాలతో రాసుకోండి. అయినా ఏదైనా తట్టకపోతే "మాకు కుట్టు నేర్పిన ఆవిడ" అని ముందుకు సాగండి. పెనుగులాడేకొద్దీ అదే తప్పు పేరు మళ్లీ మళ్లీ నోటికి వస్తుంది. వదిలేస్తే అసలు పేరు దానంతటదే వస్తుంది.

మొత్తం రాసి చదవడం మాత్రం వద్దు. తల కాగితంలోకి వంగిపోతుంది, గొంతు చదివే గొంతు అవుతుంది. మొదటి వాక్యం, చివరి వాక్యం కంఠస్థం చేయండి; నడుమ దారి చూపడానికి మీరు కుట్టిన గుడ్డే చేతిలో ఉంటుంది. దాని ముందువైపు చూపించాక తిరగేసి వెనుకవైపు కూడా చూపించండి. దారం ఎక్కడ మొదలైంది, ముడి కనిపించకుండా కొసను ఎలా దాచారు, ఒక పువ్వు నుంచి ఇంకో పువ్వుకు దారాన్ని ఈడ్చకుండా ఎందుకు తెంపారు అనేవి వెనుకవైపే తెలుస్తాయి, ఆ పని తెలిసినవారు తప్ప ఇతరులు చెప్పలేరు. గడియారం దగ్గర పెట్టుకుని, గుడ్డ పట్టుకుని, ఇంట్లో రెండుసార్లు బిగ్గరగా చెప్పి చూసుకోండి.

ప్రశ్న: మా సభలో వెనుక కూర్చున్నవారు "వినపడటం లేదు" అంటారు. వక్తలేమో "నా గొంతు చాలు, మైకు అక్కర్లేదు" అంటారు. ఏం చేయాలి?

జవాబు: మైకు అందరికీ తప్పనిసరి చేయండి. పెద్ద వయసులో ముందుగా తగ్గేది సన్నని, హెచ్చు స్థాయి ధ్వనుల వినికిడి. స, శ, ఫ వంటి ధ్వనులు మసకబారితే మాట వినబడినట్టే ఉండి అర్థం కాదు. వక్త అరిచినప్పుడు పెరిగేది ఎక్కువగా అచ్చుల మోతే కనుక దానివల్ల ప్రయోజనం తక్కువ. మైకును నోటికి ఒకే దూరంలో పట్టుకుని, కొంచెం నెమ్మదిగా, పదం చివర మింగకుండా మాట్లాడమనండి. చాలామంది తెలియకుండానే పెదవుల కదలికను కూడా చూస్తూ వింటారు కాబట్టి, వక్త వెనుక కిటికీ లేకుండా, వెలుతురు ముఖం మీద పడేలా నిలబెట్టండి. పంకా మోత ఎక్కువగా ఉంటే ఆ ఏడు నిమిషాలూ ఆపేయండి.

ప్రశ్న: గడియారాలు బాగుచేసే పని మీద మాట్లాడతానన్న ఒక పెద్దాయన, రెండు నిమిషాలకే "ఈ కాలం పిల్లలకు ఓపిక లేదు" అని ఉపన్యాసం మొదలుపెట్టారు. పిల్లలు లేచి వెళ్లిపోయారు. ఆయనను మళ్లీ పిలవాలా?

జవాబు: తప్పకుండా పిలవండి. ఆ విసుగు వెనుక, తాను ప్రాణం పెట్టిన పనిని ఎవరూ అడగలేదన్న బాధ ఉండవచ్చు. ఈసారి ముందురోజు ఇంటికి వెళ్లి, 'ఎలా ఉండాలి' అన్నది పక్కన పెట్టి 'ఎలా చేస్తారు' అన్నది చెప్పమని కోరండి. సభకు ఆగిపోయిన గడియారం ఒకటి తెమ్మనండి. ఆయన దాని వెనుక మూత తీస్తుండగా, పదేళ్ల పిల్లనో పిల్లవాడినో బల్ల దగ్గరకు పిలిచి, "తాతగారూ, ఇది ఎందుకు ఆగిపోయింది?" అని మొదటి ప్రశ్న వాళ్లతోనే అడిగించండి.