మాట స్పష్టంగా రాకపోతే బడి మార్చాలా?

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. పాపకు సెరిబ్రల్ పాల్సీ (మెదడు ఎదుగుదలలో వచ్చిన లోపం వల్ల కండరాలు అదుపులో ఉండని స్థితి). ఏడో తరగతి. లెక్కలు బాగా చేస్తుంది గానీ మాట స్పష్టంగా రాదు, రాయడం నిదానం. ఇక్కడి బడి మాన్పించి బెంగళూరులో ఇన్‌క్లూజివ్ (వైకల్యం ఉన్నవాళ్లనూ అందరు పిల్లలతో కలిపి చదివించే) హాస్టల్ స్కూల్లో వేయమంటున్నారు బంధువులు. స్పెషల్ స్కూల్ మేలా? ముందుముందు ఉద్యోగం వస్తుందా? పెళ్లికి అడ్డమవుతుందని సదరం సర్టిఫికెట్ (వైకల్య ధ్రువపత్రం) తీసుకోలేదు.

జవాబు: బంధువుల మాట రాశారు, పాప ఏమంటోందో ఒక్క ముక్క రాయలేదు. ఆమెను అడిగారా? మీ తర్వాత ఆమె మాట ఎవరికి అర్థమవుతుందన్నదే మీ అసలు దిగులు. అది బడి మారిస్తే తీరదు.

ముందు ఆమె చెప్పదలుచుకున్నది చెప్పే దారి చూడండి. చదవడం వచ్చిన పిల్ల కాబట్టి అక్షరాల బోర్డు మీద వేలు పెట్టి చూపగలదు. ఫోన్లో తెలుగులో టైప్ చేస్తే చదివి వినిపించే సదుపాయమూ ఉంది. బోర్డు అలవాటైతే ఉన్న మాట పోతుందని చాలామంది తల్లిదండ్రులు భయపడతారు. పోదు. ఆమెకు ఏది కుదురుతుందో స్పీచ్ థెరపిస్టు చూసి చెప్పాలి. ప్రభుత్వ సమగ్ర శిక్ష పథకం కింద ఇలాంటి పిల్లల కోసం నడిచే భవిత కేంద్రం గురించి మండల విద్యాధికారి ఆఫీసులో అడగండి.

బెంగళూరు బడి మీద నాకు అనుమానాలున్నాయి. పాప సగం మాటను కూడా అందుకునేది వాళ్లమ్మ. భాష మారి, మనుషులు మారి, హాస్టల్లో రాత్రి కడుపునొప్పి వస్తే ఎవరికి చెప్పుకుంటుంది? బోర్డు మీద ఇన్‌క్లూజివ్ అని రాసి, ఇలాంటి పిల్లల్ని వేరే గదిలో కూర్చోబెట్టే బళ్లూ ఉన్నాయి. రోజుకు ఎన్ని పీరియడ్లు అందరితో కలిసి కూర్చుంటుందో అడగండి. స్పెషల్ స్కూళ్లు చెడ్డవని కాదు. సైగల భాషతో ఎదగాల్సిన చెవిటి పిల్లలకు అలాంటి తోడు అవసరం. మీ పాప సంగతి వేరు.

ఇక సర్టిఫికెట్. ఇక్కడ మిమ్మల్ని కోప్పడక తప్పదు. రాని సంబంధం కోసం ఉన్న హక్కును దాచేస్తారా? 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న పిల్లలకు 18 ఏళ్లదాకా ఉచిత విద్య, ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థల్లో 5 శాతం సీట్లు, ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్ ఉన్నాయి. ఆ 4 శాతంలో సెరిబ్రల్ పాల్సీ కూడా ఉంది. ఇవన్నీ ఆ కాగితంతోనే వస్తాయి.

ఉద్యోగం సంగతికి దిగులొద్దు. లెక్కలు వచ్చిన పిల్లకు కామర్స్, కంప్యూటర్, బ్యాంకు పరీక్షలు అన్నీ తెరిచే ఉన్నాయి. పదో తరగతి పరీక్షలకు స్క్రైబ్ (పాప చెప్పింది రాసిపెట్టేవాళ్లు), అదనపు సమయం కావాలని హెడ్మాస్టర్‌తో ఇప్పుడే మాట్లాడండి. స్క్రైబ్‌తో రాయించడం పాపకు ఈ ఏడాది నుంచే యూనిట్ టెస్టుల్లో అలవాటు చేయించండి.